ఎదురు సీటు

పదహారు రోజుల పండగ అయిన మర్నాడు, బాపట్ల స్టేషన్లో బల్ల మీద కూర్చుని కోటిరత్నం తన కాళ్లు తనే చూసుకుని మురిసిపోతోంది. పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. కొత్త మట్టెలు కాస్త వదులు. వేలు కదిలిస్తే సిమెంటు నేల మీద టిక్కుమంటున్నాయి. బి.ఏ. పాసైన పిల్ల మట్టెల చప్పుడికి నవ్వుకోవడం ఏంటని తనకే సిగ్గేసింది. సిగ్గుపడి, మళ్లీ ఒకసారి టిక్కుమనిపించింది.

పక్కనే మొగుడు మస్తాన్‌రావు. రేపల్లె తాలూకాఫీసులో గుమాస్తా. అతని తండ్రి పెనుమూడి రేవులో పడవ నడుపుతాడు. అటు ఏటిని నమ్ముకున్న ఇల్లు, ఇటు సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. రెండిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మాత్రం వీళ్లిద్దరే.

బల్ల మీద చోటున్నా కూర్చోకుండా, కింద సారె గంపకి ఆనుకుని కూర్చుంది కోటిరత్నం తల్లి కొండమ్మ. గంప నిండా చలిమిడి, అరిసెలు, పసుపు కుంకాల పొట్లాలు. దాని మీద పసుపు గుడ్డ కట్టి ఉంది. గాలికి ఆ గుడ్డ కొస లేచినప్పుడల్లా కొండమ్మ అరచేత్తో అదుముతోంది.

కొండమ్మది సూర్యలంక. పిల్ల పాకే వయసులోనే మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. అప్పట్నించీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బాపట్ల వీధులు తిరిగింది, ఆ చేపల మీదే కూతుర్ని చదివించింది. చేపల తట్ట ఎదురైతే మంచి శకునమని బాపట్లలో అందరికీ తెలుసు. వాయిదాలకి పోయే ప్లీడర్లు, సంబంధాలు చూడబోయే పెద్దమనుషులు గుమ్మంలో నిలబడి, "ఏదీ, ఆ సూర్యలంక కొండమ్మ ఇంకా రాలేదా?" అని వీధి చివరికి చూసేవాళ్లు. తట్ట నెత్తిన ఉన్నంతసేపూ ఆమె నుదుట బొట్టు లేని సంగతి ఎవరి కంటా పడేది కాదు. సరుకు అయిపోయి ఉత్త తట్ట చంకన పెట్టుకుని తిరిగొచ్చేటప్పుడు మాత్రం, అవే గుమ్మాలు, అవే మొహాలు, "అబ్బ, ఇదెక్కడ దాపురించిందిరా" అని లోపలికి తిరిగిపోయేవి. అందుకని కొండమ్మ వెళ్లడం పెద్ద వీధిన వెళ్లేది, రావడం సందుల్లోంచి వచ్చేది.

కూతురి పెళ్లి కూడా వంటల పందిట్లోంచే చూసింది. తలంబ్రాలప్పుడు కోటిరత్నం తలెత్తి వెతికితే, తడిక కన్నంలోంచి ఒక కన్ను కనపడింది. ఆ రోజే పట్టు పట్టింది పిల్ల: సారె మా అమ్మే తెస్తుంది, నాతోపాటు మా అమ్మే గుమ్మం తొక్కుతుంది అని. అత్తగారు, "బొట్టున్న మేనత్తో పిన్నమ్మో రాకూడదా?" అని కబురంపింది. "మా అమ్మకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు మస్తాన్‌రావు. ఆ ఒక్క మాటకే కోటిరత్నం అతన్ని పెళ్లినాటి కంటే ఎక్కువ ప్రేమించేసింది.

కొండమ్మే ఒప్పుకోవడానికి నానా తంటాలు పెట్టింది. ఒప్పుకున్నాక మాత్రం చిన్నపిల్ల అయిపోయింది. రేపల్లె ఎప్పుడూ చూడలేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చా అని అల్లుణ్ణి అడిగింది. సారెతోపాటు ఒక తట్టెడు ఎండు వంజరం కూడా తెస్తానంది. "పెనుమూడోళ్లకి ఏటి చేపలే గాని మన చేప ఎక్కడిదే?"

"రైల్లో వాసనొస్తుందమ్మా. అందరూ చూస్తారు. ఈ ఒక్కసారికి వద్దులే" అంది కోటిరత్నం.

"సర్లే" అంది కొండమ్మ.

పాసింజరు పొగ కక్కుకుంటూ వచ్చింది. మూడో క్లాసు పెట్టెలో అదృష్టంకొద్దీ కిటికీ పక్కన చోటు దొరికింది. కోటిరత్నం చెంగుతో బల్ల మీద బొగ్గు నుసి తుడిచి, "ఇది నీది. నీ పక్కన నేను. ఆయన ఎక్కడైనా కూర్చోనీ" అంది.

"అల్లుణ్ణి ఎక్కడో కూర్చోబెట్టే అత్తని నేనొక్కదాన్నే కాబోలు" అని నవ్వి, కొండమ్మ గంపని కాళ్ల దగ్గర పెట్టింది. "ఉండు, మంచినీళ్లు పట్టుకొస్తా. దారిలో దాహమేసిద్ది." కూతురికి సారెలో పెట్టిన కొత్త ఇత్తడి మరచెంబు తీసుకుని దిగింది.

పంపు ఎక్కడో ముందుంది. చాలాసేపు రాలేదు. బండి కూడా కదల్లేదు. ఏదో గొడవ, ఎవరో ఎక్కనంటున్నారని కిటికీల దగ్గర జనం చెప్పుకుంటున్నారు. ఇంతలో నల్లకోటు వేసుకున్న టి.సి. గబగబా వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు. జ్ఞానానందం అని కోటు మీద పేరుంది.

"కొత్త పెళ్లికూతురు మీరేనా అమ్మా?"

కోటిరత్నం కంగారుగా లేచి నిలబడింది.

"రండి, ఇద్దరూ ఫస్టు క్లాసులోకి రండి."

"మావి మూడో క్లాసు టిక్కెట్లండి" అన్నాడు మస్తాన్‌రావు.

"తెలుసు బాబూ. అందులో పెద్దవాళ్లు మిమ్మల్ని కూర్చోబెట్టుకుంటామంటున్నారు. సీట్లు ఖాళీ. మీరేం కట్టక్కర్లేదు."

"మమ్మల్నెందుకండి?"

"కొత్త దంపతులు కదా! రండి రండి, మీరొస్తేగాని బండి కదిలేట్టు లేదు."

టి.సి. వెనక కొండమ్మ నిలబడి ఉంది. నీళ్లతో నిండిన మరచెంబు గుండెలకి ఆనించుకుంది. ఆయాసపడుతోంది, నవ్వుతోంది.

"వెళ్లవే. పెద్దాయన పిలుస్తుంటే అట్లా నిలబడిపోయావేం?"

"నువ్వూ రా అమ్మా."

"నేనొస్తే గంప ఎవరు చూస్తారే? తెనాల్లో దిగాక కలుస్తాంగా. ఎక్కు, ఎక్కు."

కోటిరత్నం ఇంకోసారి "రామ్మా" అంది. మూడోసారి అనలేదు. అప్పటికే కాలు మెట్టు దిగింది.

ఫస్టు క్లాసు! సినిమా హాల్లో కుర్చీ క్లాసు తప్ప ఇంకో మెత్తదనం ఎరగని పిల్ల. నీలం రెక్సిను సీటు మీద కూర్చుంటే అది కిందికి దిగి మళ్లీ పైకి లేపింది. "ఏవండీ, లేపుతోందండీ!" అని మొగుడి చెవిలో అంది. గోడకి అద్దం, అద్దం కింద దువ్వెన పెట్టుకునే చిన్న అర. చిలక్కొయ్యలు కూడా నికెలు పూతవి. తల మీద ఫ్యాను. దాని మీట నొక్కి, ఆపి, మళ్లీ నొక్కింది. చెవుల దగ్గర ముంగురులు ఎగిరితే కళ్లు మూసుకుంది.

"గంతులెయ్యకు. పెద్దవాళ్లున్నారు" అన్నాడు మస్తాన్‌రావు, తనే సీటు మీద ఒకసారి ఎగిరి కూర్చుంటూ.

ఎదుటి సీట్లో ఉన్నది శివరామయ్య, ఆయన భార్య వెంకటరమణమ్మ. ఊళ్లో పొలాలూ రైసుమిల్లూ ఉన్నవాళ్లు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"ఇట్లా జరుగు తల్లీ. నాకు సరిగ్గా ఎదురుగా. ఆఁ, అట్లా." ఆవిడ సంచీలోంచి కుంకుమ భరిణె తీసింది. "నీ చేత్తో నాకు బొట్టు పెట్టమ్మా."

కోటిరత్నం పెట్టింది. ఆవిడ తన జడలోని కనకాంబరాలు సగం తుంచి పిల్ల జడలో తురిమింది. "ఎంత కళగా ఉన్నావు తల్లీ!" అంది. బండి కదిలింది. కోటిరత్నానికి లోకమంతా తన పెళ్లికే వచ్చినట్టు అనిపించింది.

అప్పికట్ల దాటాక ఆవిడ మనసు విప్పింది. రెండో కూతురు తెనాల్లో ఆస్పత్రిలో ఉంది. తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆపరేషను చెయ్యాలనీ రాత్రి కబురొచ్చింది.

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయల్దేరామమ్మా. నేను మెట్టు మీద కాలు పెట్టానో లేదో, ఎదురుగా వచ్చింది ఒకావిడ! బొట్టా, గాజులా? పోనీ చేతిలో చెంబైనా నిండుదా అంటే, అదీ ఖాళీదే. ఖాళీ మరచెంబు ఊపుకుంటూ ఎదురొచ్చింది. నా గుండె ఆగిపోయిందనుకో. ఈ బండి ఎక్కను గాక ఎక్కనన్నాను. ఈయనేమో మీద పడి కేకలు."

"బండి ఆగిపోయింది మరి" అన్నాడు శివరామయ్య పేపరు వెనక నుంచి.

"మీకేం తెలుసండీ? ఆ టి.సి. పుణ్యాత్ముడు. మూడో క్లాసులో కొత్త పెళ్లికూతురు ఉందమ్మా, తీసుకొచ్చి మీకెదురుగా కూర్చోబెడతాను, దోషం పోతుంది అన్నాడు. లక్ష్మీదేవిలా వచ్చావు తల్లీ."

కోటిరత్నం చెయ్యి జడలోని పూల మీదికి పోయింది.

పంపు ముందుంది. ఫస్టు క్లాసు పెట్టె మధ్యలో ఉంది. కొండమ్మ వెళ్లేటప్పుడు మరచెంబు ఖాళీది, వచ్చేటప్పుడు నిండుది.

"ఆవిడ... ఎట్లా ఉంది పిన్నిగారూ?"

"మొహం ఎవరు చూశారమ్మా, అదేమన్నా చూసేదా? ఏదో చేపల మనిషిలా ఉంది. అట్లాంటివాళ్లు నలుగురూ బయల్దేరే చోట తిరగొచ్చా? బుద్ధుండాలి."

ఆ మనిషి మా అమ్మ అనే మాట నాలుక చివరికొచ్చింది. సీటు కింద మస్తాన్‌రావు కాలు ఆమె కాలి మీద ఆనింది. అతనికీ అర్థమైంది. "తెనాలి దాకానే కదా" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "పాపం, ఆవిడ కూతురు చావుబతుకుల్లో ఉంది."

అదే ఆమెని కట్టిపడేసింది. ఇప్పుడు నిజం చెప్తే, ఈవిడ గుండె ఆగి ఇక్కడే పడిపోతే? చెప్పకపోతే, ఈ మెత్తటి సీట్లో తను దేనికి కూర్చున్నట్టు? కన్నతల్లి తెచ్చిన అశుభానికి శాంతి చెయ్యడానికా?

"ఏంటమ్మా, మొహం అట్లా పెట్టావు?" వెంకటరమణమ్మ చటుక్కున ముందుకి వంగి ఆమె చేతులు పట్టుకుంది. "నవ్వు తల్లీ. నువ్వు దిగులుగా ఉండకూడదు. మా పిల్ల ప్రాణం నీ మొహంలో ఉందే. నవ్వు."

కోటిరత్నం నవ్వింది.

నిడుబ్రోలులో నవ్వింది. చుండూరులో నవ్వింది. ఆవిడ కళ్లు తుడుచుకుని తలెత్తినప్పుడల్లా, నవ్వుతున్న మొహం ఎదురుగా ఉండాలి కదా మరి. ఫ్యాను తిరుగుతూనే ఉంది. దవడలు నొప్పి పుట్టాయి. తెనాల్లో దిగగానే అమ్మ చెయ్యి పట్టుకుని ఈవిడ ముందుకి తీసుకొస్తాను, ఈమే మా అమ్మ అని చెప్తాను అని, ఆ ఒక్క మాటే లోపల గుంజిళ్లు తీస్తున్నట్టు పదే పదే అనుకుంది.

తెనాల్లో బండి ఆగింది. "ముందు నువ్వు దిగి, నాకెదురుగా రా తల్లీ" అంది వెంకటరమణమ్మ. దిగింది. రెండడుగులు పోయి, వెనక్కి తిరిగి, ఎదురుగా వచ్చింది. ఆవిడ రెండు చేతులా దణ్ణం పెట్టి కాలు కింద పెట్టింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒకతను పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ పెద్దల్లుడు. "అత్తయ్యగారూ, మగపిల్లాడు! ఇద్దరూ క్షేమం. ఆపరేషను కూడా అక్కర్లేకపోయింది. తెల్లారకముందే పుట్టాడు."

వెంకటరమణమ్మ కోటిరత్నాన్ని కావలించుకుని భోరుమంది. "చూశావా? నీ ఎదురు చలవ తల్లీ! నీ మొహం చలవ!"

"తెల్లారకముందంటే... మేం అప్పటికి స్టేషనుకే రాలేదు పిన్నిగారూ" అంది కోటిరత్నం. "అప్పటికి ఎవరికీ ఎవరూ ఎదురు రాలేదు."

ఆవిడ వినిపించుకోలేదు. పండ్ల బుట్టలోంచి రెండు యాపిల్‌ పళ్లు తీసి పిల్ల చేతుల్లో పెట్టింది. "నువ్వు పదికాలాలు పసుపుకుంకాలతో ఉండాలి" అని దీవించింది. శివరామయ్య పేపరు మడిచి చంకన పెట్టుకుని, "నడువు నడువు, మనవడు ఎదురుచూస్తుంటాడు" అన్నాడు. ఆవిడ ఏడుపులోనే నవ్వింది. ఇద్దరూ జనంలో కలిసిపోయారు.

కోటిరత్నం మూడో క్లాసు పెట్టెల వైపు పరుగెత్తింది. మట్టెలు జారిపోతున్నాయి, టిక్కుమంటున్నాయి.

కొండమ్మ ఒక స్తంభం వెనక, గంప కాళ్ల దగ్గర పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడి ఉంది. దారిన పోయేవాళ్లెవరికీ ఎదురుపడకుండా నిలబడటం ఆమెకి అలవాటే.

"అమ్మా!"

కొండమ్మ తిరిగి చూసింది. మొహం వెలిగిపోతోంది. "ఎట్లా ఉందే? మెత్తగా ఉందా? ఫ్యాను తిరిగిందా?"

"ఆవిడ నిన్నేమందో నీకు తెలుసా?"

"వినపడలేదనుకున్నావా? బాపట్ల అంతా వినపడింది." కొండమ్మ కూతురి జడలోని పూలు సర్దింది. "నేనే వెళ్లి ఆ నల్లకోటాయనకి చెప్పాను. అయ్యా, ఆ చివరి పెట్టెలో కొత్త పెళ్లికూతురు ఉంది, మహా లక్షణంగా ఉంటది, పిలుచుకెళ్లి ఎదురుగా కూర్చోబెట్టండి, ఆవిడ ఎక్కిద్ది అని. ఆయన కిరస్తానీ, ఇట్లాంటివి పట్టని మనిషి. నవ్వాడు. పోనీ బండన్నా కదుల్తదిలే అని వచ్చాడు."

కోటిరత్నం వెనక్కి తిరిగి ఫస్టు క్లాసు పెట్టె వైపు చూసింది.

"నా కూతురని చెప్పలేదులే. చెప్తే పిలవరుగా?" అంది కొండమ్మ గొంతు తగ్గించి, అదేదో గొప్ప తెలివి చూపించినట్టు. "నేనెదురొచ్చినందుకు నీకు ఒక్క మంచైనా జరిగింది. ఫస్టు క్లాసులో కూర్చున్నావు. మన సూర్యలంకలో ఎవరు కూర్చున్నారే?"

"బిడ్డ తెల్లారకముందే పుట్టాడే అమ్మా. నువ్వు ఎదురుపడకముందే. నీకూ దానికీ ఏ సంబంధమూ లేదు!"

"పుట్టాడా? తల్లీ బిడ్డా బాగున్నారా?" కొండమ్మ రెండు చేతులూ జోడించింది. "అమ్మయ్య. దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నా."

రేపల్లె బండి అవతలి ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. మస్తాన్‌రావు గంప అందుకున్నాడు. "రండి అత్తయ్యా, చోటు పట్టుకుందాం." కొండమ్మ కదల్లేదు.

"నేను రానయ్యా. మీరు వెళ్లండి. బాపట్ల బండి ఒకటి వస్తదంట, అందులో పోతా."

"అదేంటమ్మా? కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలన్నావుగా! గుమ్మం నాతో తొక్కుతానన్నావుగా!"

"మర్చిపోయి అన్నానే." మాటలో కోపం లేదు. అదే కోటిరత్నానికి భరించలేనిదైంది. "పెళ్లి సంబరంలో ఆ సంగతే మర్చిపోయా. పొద్దున ఆవిడ మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకుంటే గుర్తొచ్చింది. రేపు మీ అత్త గుమ్మంలో హారతి పట్టుకుని నిలబడి, నన్ను చూసి అట్లా కాలు వెనక్కి తీసుకుంటే? ఇక్కడంటే నిన్ను ఎదురు కూర్చోబెట్టి సరిపెట్టాను. అక్కడ దేన్ని పెట్టి సరిపెట్టనే?"

"మా అమ్మకి నేను చెప్తానన్నాగా..." అన్నాడు మస్తాన్‌రావు. రైల్లో తన కాలు ఏం చేసిందో గుర్తొచ్చిందేమో, ఆ మాట పూర్తి చెయ్యలేదు.

కోటిరత్నం తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని లాగింది. కొండమ్మ చెయ్యి విడిపించుకుంది. సముద్రపు వలలు లాగిన చెయ్యి. దాని ముందు బి.ఏ. చెయ్యి ఏపాటిది?

"ఆ వంజరం తట్ట తెచ్చుకున్నా బాగుండేదే" అంది కొండమ్మ, మరచెంబు కూతురి చేతిలో పెడుతూ. "తట్ట నెత్తిన ఉంటే ఆవిడే నాకు దణ్ణం పెట్టేది."

తట్ట వద్దన్నది తనే.

రేపల్లె బండిలో మూడో క్లాసు సగం ఖాళీగానే ఉంది. కిటికీ పక్కన సారె గంప పెట్టి, దాని పక్కన కూర్చుంది. మస్తాన్‌రావు ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. అవతల ప్లాట్‌ఫారం మీద కొండమ్మ మళ్లీ స్తంభం వెనక్కి వెళ్లింది. బండి కదిలేటప్పుడు స్తంభం పక్కనుంచి ఒక చెయ్యి మాత్రం ఊగింది.

జంపని చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడింది. అక్కడ ఈ బండి టి.సి. ఎక్కాడు, ఇంకొకాయన, వయసు మళ్లిన మనిషి. టిక్కెట్లు చూసి, పారాణి కాళ్లు చూసి, పసుపు గుడ్డ కట్టిన గంప చూసి, కళ్లలో నవ్వుతూ అన్నాడు:

"అత్తారింటికి తొలి ప్రయాణమా అమ్మాయ్? ఇక్కడ ఈ మసిలో ఎందుకు? ఫస్టు క్లాసు పెట్టె మొత్తం ఖాళీగా పోతోంది. రండి, అందులో కూర్చోండి. కొత్త దంపతుల్ని ఎవరడుగుతారు?"

కోటిరత్నం ఒళ్లో బాపట్ల నీళ్లతో నిండుగా ఉన్న మరచెంబు ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఎవరెదురొచ్చారండి?" అని అడిగింది.

ఆయనకి అర్థం కాలేదు. "ఎవరూ రాలేదమ్మా, ఊరికే అన్నాను" అని, మస్తాన్‌రావు వైపు చూశాడు. మస్తాన్‌రావు కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆయన టిక్కెట్లు తిరిగిచ్చి పక్క పెట్టెకి వెళ్లిపోయాడు.